మా గంగ గోదారే

నా పేరు గంగజల. పుట్టింది కోరుట్ల, మెట్టింది సిరిసిల్ల. హైదరాబాద్‌లో పేరు చెబితే కాశీలో పుట్టారా అంటారు. జగిత్యాల అంగడిలో మాత్రం "ధర్మపురి మొక్కా బిడ్డా?" అని అడుగుతారు.

మా దిక్కు గంగ అంటే గోదావరే. బూడిద గంగల కలుపుడంటే ధర్మపురి రేవుకు పోవుడే. ఈ పిలుపు నది పుట్టిన త్ర్యంబకేశ్వరం నుంచే వెంట వస్తున్నది. నాసిక్ దగ్గర గంగాపూర్, పర్భణీ జిల్లాలో నది ఒడ్డున గంగాఖేడ్ ఉన్నాయి. గౌతముడు గోహత్యా పాపం పోవడానికి శివుడి జటలోని గంగను త్ర్యంబకేశ్వరంలో దింపాడని బ్రహ్మపురాణం కథ. కందకుర్తి దగ్గర నది తెలంగాణలోకి వచ్చాక ఆ పేరు మనుషులకూ పాకింది: గంగవ్వ, గంగామణి, గంగు, గంగారాం, గంగరాజం. గంగజల అరుదు. మిగతావన్నీ గంగమ్మ తల్లిని తలచుకునే పేర్లు. ఇది అచ్చంగా నీళ్ల పేరు, అందుకే నాకు ఇంత ప్రేమ.

నెహ్రూ 1963లో గోదావరి మీద పోచంపాడు ప్రాజెక్టుకు పునాదిరాయి వేశారు. కాలువ నీళ్లు మా పొలాల దాకా రావడానికి ఏళ్లు పట్టింది. అంతవరకు చెరువూ బావే దిక్కు. బావి తవ్వుతుంటే ఊట తగిలితే "గంగ పడ్డది" అని కొబ్బరికాయ కొట్టేవాళ్లు. నేను కడుపులో ఉన్నప్పుడు మా బావిలో గంగ పడ్డది. నాయన ఇంకో పేరు వెతకలేదు.

సిరిసిల్లకు వస్తే పేర్ల తీరే మారింది. పక్కనే వేములవాడ రాజన్న గుడి, అక్కడ కోడెను కట్టి మొక్కు తీర్చుకున్న ఇళ్లలో రాజవ్వ, రాజేశం, రాజమల్లు. ధర్మపురి చుట్టూ నర్సవ్వలు, కొండగట్టు కింద అంజవ్వలు. ఏ దేవుడి నీడన పుట్టిందో పిల్ల పేరే చెప్పేది.

బడి రిజిస్టర్లలో ఎందరో అవ్వలు అమ్మలయ్యారు. నా ఈడు వాళ్లు కొందరు పెళ్లికి ముందే పేరు మార్చుకున్నారు, నాకు బాధేసింది. అందుకే మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి మిల్కూరి గంగవ్వ యూట్యూబ్ 'మై విలేజ్ షో'లో, 2020లో బిగ్ బాస్‌లో అదే పేరుతో కనిపిస్తే టీవీ ముందు కళ్లు తుడుచుకున్నాను. బీడీలు చుట్టిన చేతుల మనిషి, పేరులో ఒక్క అక్షరం మార్చలేదు.

పోయినేడు మనుమరాలి పురుడు నాడు కొడుకు ఫోన్‌లో చూసి ఏదో పేరు తెచ్చాడు. దాని వెనుక గంగ అని చేర్చమన్నాను. కోడలే ముందుగా బియ్యంలో ఆ రెండక్షరాలు రాసింది.