రేవుఘోషయు తీరవాసుల మొఱయు



సముద్రఘోషకు మనము బెదరువారము గాము. ఆ ఘోషలోనే పుట్టి, ఆ ఘోషలోనే కన్నుమూయుదుము. అలల హోరు విని గాలి యెటు తిరిగినదో చెప్పగల తాతలు మన పల్లెలలో నేటికిని గలరు. చీకటిలో తెప్ప త్రిప్పుకొని వచ్చువానికి కెరటము ఒడ్డున విఱుగు చప్పుడే దారి చూపును. ఇట్టి వారము శబ్దబాధను గూర్చి మొఱపెట్టుకొనుట యేమని కొందఱు నవ్వవచ్చును. కాని సముద్రపు ఘోష వేఱు, యంత్రపు ఘోష వేఱు. మొదటిది మనలను నిద్రపుచ్చును. రెండవది నిద్ర చెఱచును. భావనపాడు పరిసరములందు గొప్ప రేవు నిర్మాణమునకు శంకుస్థాపన జరిగిన యీ కాలమున, రేవుల ప్రక్కన నివసించు ప్రజలు ధ్వనిబాధనుండి తమ్ము తాము కాపాడుకొనుటకు ఎచ్చటెచ్చట ఎట్లు పాటుపడిరో తెలిసికొనుట మనకు అవసరమని తలచి, ఈ వ్యాసమును మీ యెదుట ఉంచుచున్నాను.

రేవు అనునది మనకు క్రొత్తది కాదు. వంశధార సముద్రమున గలియు చోట కళింగపట్నము పురాతన రేవు. దానికి చేరువనే శాలిహుండము కొండపై బౌద్ధస్తూపముల శిథిలము లున్నవి. 1876 లో కళింగపట్నమున దీపస్తంభము వెలసెను. ఉత్తరమున బారువయు, దక్షిణమున భీమునిపట్నమును ఇట్టి రేవులే. అచ్చట ఓడలు ఒడ్డునకు వచ్చెడివి కావు. దూరమున లంగరు వేసి నిలిచెడివి. కొబ్బరిత్రాటితో పలకలు కుట్టిన మసూలా పడవలపై మనవారే సరకులను, రంగూనుకు పోవు జనులను ఓడలకు చేర్చెడివారు. ఆ రేవునకు యంత్రము మన భుజము, దాని చప్పుడు మన తెడ్డుపాట. ప్రొద్దు గ్రుంకిన పిదప రేవు నిద్రించెడిది, పల్లెయు నిద్రించెడిది.

1933 వ సంవత్సరమున విశాఖపట్టణమున క్రొత్త హార్బరు తెఱవబడుటతో ఈ తీరపు చరిత్ర మాఱినది. ఆ అక్టోబరులో 'జలదుర్గ' యను నౌక అందు ప్రవేశించెను. డిసెంబరు 19 న రాజప్రతినిధి విల్లింగ్డను ప్రభువు దానిని లాంఛనముగా ప్రారంభించెను. చిన్న రేవులు క్రమముగా నీరసించినవి. పెద్ద రేవు రాత్రింబవళ్లు పనిచేయ నారంభించినది. పిమ్మట బొగ్గు, ఇనుపరాయి కుప్పలుగా దిగినకొలది, పాతనగరపు ఇండ్లపై నల్లని ధూళి వ్రాలుచున్నదని అచ్చటి జనులు దశాబ్దముల తరబడి మొఱపెట్టుకొనిరి. 2009 లో పని ప్రారంభించిన గంగవరము రేవు సంగతియు ఇట్టిదే. దానికొఱకు దిబ్బపాలెము మత్స్యకారులు పుట్టిన చోటు విడిచి తరలవలసి వచ్చెను. ఆ పిమ్మట గాజువాక, పెదగంట్యాడ వైపువారు బొగ్గుధూళిని గూర్చి ఆందోళన చేసిరి. ఈ అర్జీలన్నిటను భూమి, ధూళి, నీరు ముందువరుసను నిలిచెను. శబ్దము వెనుకవరుసకు పోయెను. కారణము స్పష్టము. ధూళిని గుడ్డతో తుడిచి అధికారికి చూపవచ్చును. నిన్నటి రాత్రి చప్పుడును నేడు ఎట్లు చూపగలము?

ఇక మన ప్రాంతపు మాట. శ్రీకాకుళపు తీరవాసులు నోరులేనివారని ఎవరును అనజాలరు. సోంపేట బీలభూములలో తలపెట్టిన తాపవిద్యుత్ కర్మాగారమును ఎదిరించి రైతులును, మత్స్యకారులును నిలిచిరి. 2010 జూలై 14 న పోలీసు కాల్పులలో ఇరువురు ప్రాణములు గోల్పోయిరి. ఆ దినముననే జాతీయ పర్యావరణ అప్పిలేటు సంస్థ ఆ కర్మాగారపు అనుమతిని రద్దుచేసెను. ఒక్క దినము ముందు ఆ తీర్పు వచ్చియున్నచో ఆ ప్రాణములు నిలిచియుండును గదా! 2011 ఫిబ్రవరి 28 న సంతబొమ్మాళి మండలమున, కాకరాపల్లి తంపరభూముల పోరాటమున, వడ్డితాండ్ర వద్ద మరల కాల్పులు జరిగి మఱి యిరువురు మరణించిరి. ఆ కర్మాగారమునకు కాగితములలో పెట్టిన పేరు భావనపాడు. అది పూర్తి కానేలేదు.

పిమ్మట అదే పేరు రేవునకు వచ్చెను. భావనపాడు రేవని యేండ్ల తరబడి చెప్పబడిన నిర్మాణమునకు 2023 ఏప్రిల్ 19 న మూలపేట రేవను పేరిట శంకుస్థాపన జరిగెను. నాలుగు బెర్తులు, వ్యయము సుమారు 4,362 కోట్ల రూపాయలు, ఏడాదికి 23.5 మిలియను టన్నుల సరకు నెత్తి దింపు శక్తి యని ప్రకటింపబడెను. విష్ణుచక్రము, మూలపేట గ్రామముల 594 కుటుంబములకు నౌపడ వద్ద పునరావాసము కల్పింతుమనియు ప్రభుత్వము చెప్పెను.

ఇచ్చట ఒక్క క్షణము నిలిచి ఆలోచింపవలెను. భూమి పోయినవాని పేరు పట్టికలో కెక్కును. ఇల్లు పోయినవాని పేరును ఎక్కును. కదలక అచ్చటనే మిగిలి, రేవు చప్పుడునకు చెవియొగ్గి బ్రదుకవలసినవాని పేరు ఏ పట్టికలోనున్నది? నిద్ర పోయినవానికి పరిహార మెక్కడిది? ఈ వ్యాసము వారి కొఱకే.

రేవునుండి శబ్దము రెండు దశలలో పుట్టును. నిర్మాణకాలమున స్తంభములను సముద్రగర్భమున దిగగొట్టు సమ్మెట, ఇసుక త్రవ్వు డ్రెడ్జరు, రాళ్లు మోయు లారీలు. రేవు నడచునపుడు క్రేనులు, బొగ్గు మోయు కన్వేయరులు, వెనుకకు నడచు బండ్ల కూతలు, ఇనుపపెట్టెలు ఒకదానిపై నొకటి పడు చప్పుడు. వీనికి మించినది రేవున కట్టియున్న ఓడల లోపలి యింజనుల గుణగుణ. ఓడ కదలకున్నను దాని దీపములకు, పంపులకు విద్యుత్తు కావలెను గనుక ఆ యింజనులు రేయెల్ల నడచును. ఈ మంద్రధ్వని గోడలను చొచ్చుకొనివచ్చును. కిటికీ మూసినను ఆగదు. రాత్రి నేల చల్లబడి, పైగాలి వెచ్చగా నున్నప్పుడు శబ్దము క్రిందికి వంగి దూరము పోవును. నీటిమీదుగా మఱింత స్పష్టముగా వినవచ్చును.

శబ్దమును కొలుచుటకు డెసిబెల్ అను మానము గలదు. ఇది మన వీసె, మణుగు లెక్కవంటిది కాదు. పది డెసిబెల్లులు పెరిగినచో ధ్వనిశక్తి పదిరెట్లగును. చెవికి సుమారు రెట్టింపుగా తోచును. భారతదేశమున 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమముల ప్రకారము నివాసప్రాంతములందు పగలు 55, రాత్రి 45 డెసిబెల్లులు హద్దు. పరిశ్రమల ప్రాంతములందు పగలు 75, రాత్రి 70. హద్దుకంటె పది డెసిబెల్లులు మించినచో ఎవరైనను అధికారికి ఫిర్యాదు చేయవచ్చును. 2005 జూలై 18 నాటి తీర్పున సుప్రీముకోర్టు, తన ఇంట నెమ్మదిగా బ్రదుకుటకు మనుష్యునకు గల హక్కును రాజ్యాంగపు 21 వ అధికరణముతో ముడిపెట్టెను.

అయినను ఈ చట్టమున మనకొక చిక్కు గలదు. దాని దృష్టిలో రాత్రి యనగా పది గంటలు మొదలు తెల్లవారి ఆఱు గంటల వఱకు. మన రాత్రి అట్టిది కాదు. తెల్లవారుజామునకు ముందే వేటకు పోవువాడు ప్రొద్దు వాలగనే పరుండవలెను. వేటనుండి వచ్చినవాడు పగటిపూట కునుకు తీయవలెను. కార్యాలయపు గడియారమున పగలైనది మన గుడిసెలో అర్ధరాత్రి. నడిసముద్రమున నిద్రలేమితో తూగినవానికి జరుగు ప్రమాద మెట్టిదో మీకు చెప్పనక్కఱలేదు. ఈ మాటను మనమే గాని మఱియొకరు అధికారులకు చెప్పరు.

ఇతరదేశములవారు ఏమి చేసిరో చూతము. న్యూజీలాండు దేశమున డునెడిను నగరమునకు చేరువనున్న పోర్టు చామర్సు చిన్న యూరు. దాని కొండవాలు ఇండ్ల క్రిందనే గొప్ప రేవు. అచ్చటి జనులు ఊరక కేకలు వేయక, ఏ రాత్రి ఏ ఓడ ఎంత చప్పుడు చేసెనో చెప్పి నిలదీసిరి. ఆ దేశమున 1999 లో రేవుల ధ్వనికే ప్రత్యేకమైన ప్రమాణగ్రంథ మొకటి వెలువడెను. రాత్రి ధ్వనికి పది డెసిబెల్లులు అదనముగా చేర్చి దినపు సగటు కట్టుట, ఆ లెక్కతో రేవుచుట్టు గీతలు గీసి లోపలి ఇండ్లకు రక్షణ నిర్ణయించుట అందలి పద్ధతి. పోర్టు చామర్సున రేవువారు, నగరసభవారు, నివాసులు కలిసి కూర్చుండు సంఘ మేర్పడినది. చప్పుడు మిక్కిలి తగులు ఇండ్లకు ధ్వనిరోధకపు ఏర్పాట్లు చేయుట, లేదా యజమాని కోరినచో ఆ ఇంటినే కొనుట రేవు బాధ్యతలలో చేరెను.

అమెరికాలో లాస్ ఏంజెలెసు రేవు ప్రక్కన సాన్ పెడ్రో యను పేట గలదు. అచ్చట క్రొత్త టెర్మినలు కట్టునప్పుడు పర్యావరణ పరిశీలన సరిగా జరుగలేదని ఇండ్లయజమానుల సంఘములు 2001 లో వ్యాజ్యము వేసినవి. 2002 లో న్యాయస్థానము పని నిలిపెను. 2003 లో ఐదుకోట్ల డాలరుల రాజీ కుదిరెను. 2004 నుండి అచ్చట కట్టిన ఓడలు తీరమునుండియే విద్యుత్తు తీసికొని, తమ యింజనులను ఆపుట మొదలాయెను. పొగతోపాటు గుణగుణయు తగ్గెను. కాని కథ అంతటితో ముగియలేదు. ఒప్పుకొన్న షరతులలో కొన్ని నెరవేరలేదని 2015 లో రేవువారే అంగీకరింపవలసి వచ్చెను. గెలిచినవాడు నిద్రపోరాదనుట దీనివలన నేర్వదగిన పాఠము.

శబ్దము మనుష్యులనే గాక మన జీవనాధారమును గూడ తాకును. చేప చెవిలేనిదని తలచువారు పొరబడుదురు. తలలోని చిన్న రాయివంటి యెముకతోను, ఒంటిప్రక్క గీతతోను అది కదలికను, ధ్వనిని గ్రహించును. స్తంభములు దిగగొట్టు సమ్మెట దెబ్బ నీటిలో దగ్గఱనున్న చేపలను గాయపఱచును, దూరమున నున్నవానిని చెదరగొట్టును. దీనికి విరుగుడులు గలవు. మెల్లని దెబ్బలతో ఆరంభించి క్రమముగా హెచ్చించుట ఒకటి. స్తంభముచుట్టు గాలిబుడగల తెర కట్టుట మఱియొకటి. తాబేళ్లు మన ఇసుకలో గ్రుడ్లుపెట్టు మాసములందు రాత్రిపనిని తగ్గించుట వేఱొకటి. చేరువనే తేలినీలాపురమున చెట్లపై గూళ్లుకట్టు పెలికానులును, రంగురెక్కల కొంగలును గలవు. ఆ యూరివారు ఆ పక్షులను ఆడపడుచులవలె చూచుకొందురు. వాని నెమ్మదియు మన లెక్కలో చేరవలెను.

కాబట్టి మనము చేయదగిన పనులు నాలుగు. మొదటిది, నౌకల రాకపోకలు నిండుగా సాగకమునుపే ప్రతి పల్లెలోను పగలు, సాయంకాలము, రాత్రి శబ్దమును కొలిపించి లిఖితముగా నుంచుకొనుట. నేటి నిశ్శబ్దమునకు సాక్ష్యము లేనిచో రేపటి చప్పుడునకు ఫిర్యాదు నిలువదు. రెండవది, తమ పల్లె నివాసప్రాంతమని ప్రభుత్వముచే నిర్ణయింపజేసికొనుట. ప్రాంతవిభజన చేయవలసిన బాధ్యత ఆ నియమములే ప్రభుత్వముపై నుంచినవి. మూడవది, చదువుకొన్న పిల్లవాని నొకని నియమించి తేది, గంట, గాలిదిక్కు, శబ్దపు తీరు వ్రాయు పుస్తకము నడుపుట. నాలుగవది, రేవువారు, మండలాధికారులు, పల్లెపెద్దలు, స్త్రీలు కలిసి నెలకొకమాఱు కూర్చుండు సంఘమును కోరుట. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము ఏటికి ఐదు మిలియను టన్నులు మించిన రేవులకు కేంద్రప్రభుత్వపు అనుమతి కావలెను. బహిరంగ విచారణకు ముప్పదిదినముల ముందు తెలుపవలెను. నివేదిక సారాంశము ప్రజల భాషలో ఉండవలెను. రేవు విస్తరింప దలచినప్పుడు ఈ హక్కులు మరల మన చేతికి వచ్చును. ఆనాడు సిద్ధముగా నుండవలెను.

సంఘపోషకులకు ఒక్క మనవి. సత్రములకు, విద్యార్థివసతులకు మీరు చేయు దానములు శ్లాఘనీయములు. ధ్వనిమాపకయంత్ర మొకటి కొని యిచ్చుట, చట్టములను సులభమైన తెలుగున అచ్చొత్తించి పంచుట అంత వ్యయమైన పనులు గావు. అవి ఒక తరమును కాపాడును.

రేవు వలదని నేను అనుట లేదు. మన బిడ్డలకు అందు ఉద్యోగములు కావలెను. మన పడవలకు నిలుచుటకు చోటు కావలెను. వాడబలిజ యను పేరిలోనే ఓడ యున్నది. ఓడతో మనకు వైర మెట్లు గలుగును? సోంపేటలోను, కాకరాపల్లిలోను రక్తము చిందిన పిదప గాని మన మాట వినబడలేదు. ఈ మాఱు అట్లు జరుగరాదు. తుపాకి చప్పుడు వినకమునుపే మన మొఱ వినిపింపవలెను. కాగితముపై వ్రాసిన అంకెలతో, చట్టపు మాటతో, ఒక్క గొంతుకతో ఆ పని చేయగలిగిన నాడు, భావనపాడు తీరమున రేవును నడచును, పల్లెయు నిద్రించును. సముద్రుడు మనకు మునుపటివలెనే వినబడును.