అలమీద నిలుచు విద్య

తిరువొత్తియూరు అనగానే మన తెలుగు కుటుంబములకు ముందుగా తలపునకు వచ్చునది సంగీతము. త్యాగరాజస్వామివారు తమ శిష్యులైన వీణ కుప్పయ్యరుగారి యింటికి విచ్చేసి, త్రిపురసుందరీదేవిపై తెలుగున అయిదు కృతులు రచించిన స్థలమిది. గురువే శిష్యునింటికి నడచి వచ్చిన ఊరు. అయితే ఆ ఆలయమునకు తూర్పున, కొలది దూరములోనున్న సముద్రపుటొడ్డున, గ్రంథముల కెక్కని గురుశిష్య పరంపర మరియొకటి నడచినది. అది అలమీద నిలుచు విద్య. చలిదేశములలో యువకులు స్నోబోర్డింగు అను పేరున మంచువాలులపై నేర్చుకొను క్రీడకును దీనికిని చుట్టరిక మున్నదనిన చదువరులు నవ్వవచ్చును. ఆ చుట్టరికమునే యిచట విచారింతము.

కట్టుమరము అనగా అరవమున కట్టిన మ్రాను. మన కోస్తాలో దీనిని తెప్ప అందురు. తేలిక జాతి దుంగలను కొన్నింటిని త్రాటితో బిగించి కట్టుటయే దీని నిర్మాణమంతయు. ఒడ్డు చేరిన పిమ్మట కట్లు విప్పి దుంగల నారబెట్టుదురు. 1697లో వెలువడిన తన యాత్రాగ్రంథములో విలియం డాంపియరు అను ఆంగ్ల నావికుడు కోరమాండల్ తీరపు చిన్న తెప్పలను వర్ణించుచు, అవి ఒక్క మనిషినే మోయుననియు, వాని కాళ్లు ఎప్పుడును నీటిలోనే యుండుననియు వ్రాసెను. చెన్నపట్టణమునకు రేవు లేని కాలమున ఓడలు దూరముగా లంగరు వేసెడివి. కొబ్బరిత్రాటితో కుట్టిన మసూలా పడవలు జనులను ఒడ్డు చేర్చెడివి. అల మిక్కుటమై ఆ పడవలు సైతము కదలలేని దినమున, తెప్పవాడు ఉత్తరములను తన కోసుటోపీలో దాచుకొని ఓడకు చేర్చెడివాడు. అల విసరికొట్టిన పడును. ఈది వచ్చి మరల ఎక్కును. పడుట యాతనికి ఓటమి కాదు, పనిలో నొక భాగము.

ఈ విద్యలో మన తెలుగువారి పాలు తక్కువది కాదు. ఒడిస్సాలో పూరీ సముద్రతీరమున స్థిరపడిన తెలుగు పల్లెకారులను నూలియా లందురు. కోసుటోపీ ధరించి, యాత్రికుని చేయి పట్టుకొని, అల వచ్చువేళ ఎగురుమని, విరుగువేళ మునుగుమని చెప్పి స్నానము చేయించువారు వీరే. భాష తెలియని యాత్రికునికి సైతము ఆ చేతిపట్టే పాఠము.

ఇక మంచు సంగతి. 1965 క్రిస్మస్ దినమున అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున మస్కీగన్ పట్టణములో షెర్మన్ పాపెన్ అను నాతడు తన కుమార్తెల వినోదమునకై రెండు స్కీలను ప్రక్కప్రక్కన బిగించి ఒక్క పలకగా చేసెను. మంచుమీద అలవిహారమను భావముతో దానికి స్నర్ఫరు అను పేరు కలిగెను. ముందుకొనకు పట్టుకొనుటకొక త్రాడును కట్టిరి. మన తెప్పను చూచి చేసినదని నేననను. కాని కట్టిన మ్రాను అను మాట ఆ పలకకును చక్కగా నతుకును! ఆ యాటవస్తువే పెరిగి స్నోబోర్డుగా మారి, 1998లో నగానో ఒలింపిక్సున ప్రవేశించెను. మన దేశమున 2020లో గుల్‌మార్గులో జరిగిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలలోను దానికి చోటు దొరకెను.

ఆ విద్యను గురువు నేర్పు తీరు గమనింపదగినది. తొలిపాఠము పడుట. చేతులు చాచి పడినచో మణికట్టు విరుగును గనుక పిడికిలి బిగించి పడుమందురు. పిదప గురువు శిష్యుని రెండు చేతులును పట్టుకొని వాలుపై మెల్లగా జార్చును. మడమల అంచున నిలుచుట, వ్రేళ్ల అంచున నిలుచుట వేర్వేరుగా నేర్పును. చూపు పాదములపై నున్నంతకాలము శిష్యుడు నిలువడు. పోదలచిన దిక్కు చూచినపుడే పలక దారికి వచ్చును. ఒల్లీ యను గంతునకు బరువును వెనుక పాదముపై వేసి, పలక తోకను వింటివలె వంచి విడువవలెను. గాలిలో సగము తిరుగుటకు ముందు తల, తరువాత భుజములు తిరుగును. పలక వాని వెంట వచ్చును. మాటలలో చెప్పిన నిది క్షణపు పని. దేహమునకు పట్టుటకు మాత్రము పదులకొలది పాట్లు కావలెను. తండ్రి తెప్పపై నెక్కిన పిల్లవాని చదువును ఇట్టిదే.

అట్టి చదువునకు బడి ఇసుకయొడ్డు. తిరువొత్తియూరున పోయిన దదియే. 1876లో చెన్నరేవు పని ఆరంభమైన పిమ్మట, ఏడాదిలో అధికకాలము ఉత్తరముగా సాగెడి ఇసుకను రేవుగోడ లడ్డగించినవి. దక్షిణమున మెరీనా విశాలమయ్యెను. ఉత్తరమున రాయపురము, తిరువొత్తియూరు ఒడ్లు కోసుకొనిపోయెను. మెరీనా ఇసుకపై షికారు చేయువారు అది ఎవరి వాకిటికి చేరవలసిన ఇసుకయో తలపరు. కోతను ఆపుటకు బండలు పోసిరి, రాతికట్టలు కట్టిరి. వాని నడుమ కొన్నిచోట్ల ఇసుక మరల చేరినది. కాని బండలపై విరుగు అల పిల్లవానికి గురువు కాజాలదు. 2004 సునామీ తరువాత ఫైబరు పడవలు, యంత్రములు ప్రబలి తెప్పలు మరింత అరుదైనవి.

విద్య మాత్రము దక్షిణమునకు చేరినది. కోవళములో మూర్తి మేఘవన్ అను పల్లెకారుడు 2012లో సర్ఫింగు పాఠశాల నెలకొల్పెను. అచట గురువులు చాలవరకు పల్లెకారుల బిడ్డలే. గురువు నడుములోతు నీట నిలిచి, పలకపై బోర్లపడుకొన్న శిష్యుని వెనుకనుండి పట్టుకొని, తగిన అల వచ్చువరకు సముద్రమును చూచుచుండును. వచ్చినంతనే ముందుకు త్రోసి లెమ్మని కేక వేయును. తిరువొత్తియూరునుండి అచటికి దాదాపు 50 కిలోమీటర్లు.