గిడుగువారి పుస్తకం, మా పాత కంప్యూటరు

మా సవర ఉపాధ్యాయులం కొందరం కలిసి పట్నంలో ఒక పాత కంప్యూటరు కొన్నాం. కరెంటు పోతే టైపు చేసిందంతా పోయేది. అయినా దాన్ని వదల్లేకపోయాం. అవ్వలు చెప్పే కథలు మా భాషలో తెరమీద కనబడటం మొదట చూసింది దానిలోనే.

మొదటి కథకే ఒకచోట ఆగిపోయాం. సవరలో మాట మధ్యలో గొంతు దగ్గర ఊపిరి ఆగుతుంది. దానికి తెలుగులో అక్షరం లేదు. ఏ మీట నొక్కాలి?

ఈ చిక్కు మాకంటే ముందు గిడుగు రామమూర్తిగారికి వచ్చింది. 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూ సవర నేర్చుకున్నారు. మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు, క్వినైనుతో చెవుడు వచ్చిందంటారు. మన ధ్వనుల కోసం తిరిగిన మనిషికే చెవుడు! బడిపిల్లలకు తెలుగు లిపిలో వాచకాలు రాసినా, 1931లో అచ్చయిన వ్యాకరణంలో మాత్రం రోమన్ అక్షరాలకు గుర్తులు చేర్చి మన ధ్వనులను చూపారు. 1938లో నిఘంటువు వచ్చింది.

మధ్యలో 1936 ఉంది. ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అటు పోయింది, గిడుగువారు రాజమండ్రి చేరారు. అదే ఏడాది జూన్ 18న, సరిహద్దుకు అవతల, మంగేయ గొమాంగో సొరాంగ్ సోంపెంగ్ లిపిని వెల్లడించారు. ఆయన అనుచరులకు అది రాతే కాదు, పూజ కూడా. ఒక్కో అక్షరం ఒక్కో దేవత.

ఆ అక్షరాలు కంప్యూటరులోకి రావడానికి ఎంతకాలం పట్టిందో చూడండి. తెలుగు 1991లోనే యూనికోడులో చేరింది. సోంపెంగ్ 2012లో, 35 గుర్తులతో చేరింది. మా పాత కంప్యూటరులో అది ఖాళీ డబ్బాలుగానే కనబడేది. ఫాంటు వేశాక తెరుచుకుంది. అప్పుడు మా కుర్రాళ్లు, "ఇంక దీన్లోనే రాద్దాం" అన్నారు. మేం ఒప్పుకోలేదు. మన పిల్లలు బడిలో చదివేది తెలుగు లిపి, సవర వాచకాలూ అందులోనే ఉన్నాయి. కానీ గొంతు ఆగే చోట ఏదో ఒక గుర్తు పెట్టి తీరాలని పట్టుబట్టాం. అది పోతే మాటే మారిపోతుంది.

ఆ కంప్యూటరు ఒకరోజు తెరుచుకోలేదు. పదకొండు కథలు పోయాయి. పదింటిని చెప్పినవాళ్లను మళ్లీ అడిగి రాసుకున్నాం. పదకొండోది చెప్పిన అవ్వ ఇంటికి వెళ్లేసరికి ఆమె లేదు. ఇప్పుడు ప్రతి కథనూ పెన్‌డ్రైవులో ఒకటి, కాగితం మీద ఒకటి ఉంచుతున్నాం.