చెక్క నేల పాడైతే: మెరుగు పెట్టించాలా, మార్చాలా?

మన పాత మిద్దె ఇళ్లలో కొన్నింటికి పై అంతస్తు నేల టేకు పలకలదే. దూలాల మీద పరిచి మేకులు కొట్టిన ఆ పలకలు తరాలు గడిచాక గీతలు పడతాయి, నల్లబడతాయి, నడిస్తే కిర్రుమంటాయి. ఇంట్లో ఒకరు పాలిష్ పెట్టిద్దామంటారు, ఇంకొకరు అంతా పీకించి టైల్స్ వేయిద్దామంటారు. ఉమ్మడి ఆస్తి అయితే ఈ మాట ఒక పట్టాన తేలదు. పైకి ఎంత పాడుగా కనిపిస్తోందన్నది కాదు, లోపల చేవ మిగిలిందా లేదా అన్నదే చూడాలని మేమంటాం.

కింది నుంచి మొదలుపెట్టండి

ముందు కింది గదిలోకి వెళ్లి టార్చి వేసి దూలాలు చూడండి. గోడలో కూర్చున్న దూలం కొసలకు గోడ చెమ్మ తగులుతుంది కాబట్టి ముందుగా కుళ్లేవి అవే. అక్కడ స్క్రూడ్రైవర్‌తో గట్టిగా నొక్కండి. సులువుగా దిగితే చెక్క పోయినట్టే. మట్టి గీతలుంటే చెదలు, పిండిలాంటి పొడి రాలుతుంటే పుచ్చు పురుగు. దూలం మెత్తబడిందని తెలిస్తే పై గది వాడకం ఆపి, ఇంజనీరుకు చూపించాలి. పలకల సంగతి ఆ తర్వాతే.

టైల్స్ అనుకునేవారు బరువు లెక్క చూసుకోవాలి. అంగుళం మందం టేకు పలకలు చదరపు మీటరుకు సుమారు 16 కిలోలు తూగుతాయి. 2 అంగుళాల సిమెంటు పరుపు ఒక్కటే సుమారు 100 కిలోలు. పలకల కోసం వేసిన దూలాలు ఆ బరువు మోస్తాయో లేదో ఇంజనీరు చెప్పకుండా పని మొదలుపెట్టవద్దు.

మెరుగు చాలిన చోట

నేల మీద నాలుగు నీటి చుక్కలు వేయండి. పూసల్లా నిలిస్తే పైపూత బాగున్నట్టు. ఇంకిపోయి చెక్క నల్లబడితే పూత పోయినట్టు. గీతలు, వెలిసిన రంగు, పైపై మరకలు ఉంటే చిత్రిక పట్టి పాలిష్ పెట్టిస్తే చాలు. మిషన్‌తో పూర్తిగా గీకిన ప్రతిసారీ మిల్లీమీటరు దాకా చెక్క పోతుంది. అంగుళం పలక ఇలాంటివి చాలాసార్లు తట్టుకుంటుంది. గాడిలో నాలుక దూర్చి కలిపిన పలకలకు మాత్రం నాలుక పైనున్న చెక్కే లెక్క. కొత్త అపార్టుమెంట్లలో వేసే అతుకు పలకలపై టేకు పొర 2 మిల్లీమీటర్లకు తక్కువైతే గీకించవద్దు.

పలకల అంచులు లేచి మధ్య గుంటపడితే కింది నుంచి చెమ్మ ఎక్కుతోందని అర్థం. ముందు ఆ చెమ్మ ఆపి, పలకలు ఆరాకే గీకించాలి. తడిమీద గీకితే ఆరాక మధ్య భాగం పైకి లేస్తుంది.

మార్చక తప్పని చోట

తడితే డొల్లగా మోగేవి, రెండు దూలాల మధ్య అడ్డంగా చీలినవి, మెత్తబడినవి మార్చాలి. అయితే ఆ పలకలు మాత్రమే. మూడో వంతు దాటితే మొత్తం మార్చే ఆలోచన చేయవచ్చు. బీరువాల కింది మంచి పలకలను గది మధ్యకు తెచ్చి, కొత్తవి మూలల్లో వేయిస్తే తేడా కనబడదు.

పాత కలపకు సరిజోడు దొరకడం కష్టమని గుర్తుంచుకోండి. మయన్మార్ 1 ఏప్రిల్ 2014 నుంచి ముడి దుంగల ఎగుమతి నిషేధించింది. తోటల్లో చిన్న వయసులో కొట్టిన టేకులో తెల్లచెక్క ఎక్కువ, దానికి చెదలు పడతాయి.

అంచనా ఇలా వేయండి: ఘనపుటడుగు కలప నుంచి అంగుళం మందంలో 12 చదరపుటడుగులు వస్తుంది. 12×15 అడుగుల గదికి 15 ఘనపుటడుగులు, తరుగు అదనం. మెరుగు పనికి చదరపుటడుగు లెక్కన ధర అడిగి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కొత్త పలకలను బిగించే ముందు రెండు వారాలు అదే గదిలో ఉంచాలి.

పని చేయించేటప్పుడు

వడ్రంగిని తమిళనాట ఆశారి, కన్నడనాట బడగి, ఒడిశాలో బఢేయి, మహారాష్ట్రలో సుతార్ అంటారు. టేకును తమిళంలో తేక్కు, కన్నడంలో తేగ, మరాఠీలో సాగవాన్ అని అడగాలి. సంక్రాంతి దాటాక వానల్లోపు పని పెట్టుకుంటే పూత బాగా ఆరుతుంది. గీకే ముందు మేకుల తలలు లోపలికి దింపించండి. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు కనుక మాస్కు తప్పనిసరి, పిల్లలను దూరంగా ఉంచండి. అవిసె నూనె తుడిచిన గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి. విడివిడిగా పరిచి ఆరబెట్టాలి.

పీకిన పలకలను పాత చెక్కల వ్యాపారికి ఇచ్చేముందు ఒకసారి తిరగేసి చూడండి. నాలుక, గాడి లేని పలకైతే, అడుగు ముఖం గట్టిగా ఉంటే, అదే పలకను తిప్పి బిగించుకోవచ్చు.