పక్షవాతం తర్వాత పునరావాసం: వ్యాయామం, రోగికి శిక్షణ

మెదడులో ఏదో ఒక భాగానికి రక్తం అందకపోయినా, రక్తనాళం చిట్లి లోపల రక్తం కారినా పక్షవాతం వస్తుంది. ప్రాణాపాయం గట్టెక్కాక రోగి మళ్లీ కూర్చోవడం, నిలబడటం, నడవడం, చేత్తో పని చేసుకోవడం, మింగడం, మాట్లాడటం నేర్చుకునే దశను పునరావాసం అంటారు. ఇందులో ఫిజియోథెరపిస్టు, ఆక్యుపేషనల్ థెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, నర్సు, డాక్టరు అందరికీ పాత్ర ఉంది. అయితే వీళ్లలో ఎవరైనా రోగి దగ్గర గడిపేది రోజులో కొద్దిసేపే. మిగతా సమయమంతా రోగి ఏం చేస్తున్నాడన్నది రోగికీ ఇంటివాళ్లకూ తెలిసినదాన్ని బట్టే ఉంటుంది. అందుకే ఈ చికిత్సలో వ్యాయామాన్నీ అవగాహననూ విడదీసి చూడటం కుదరదు.

మెదడు మళ్లీ నేర్చుకునే తీరు

చనిపోయిన మెదడు కణాలు తిరిగి రావు. కానీ వాటి చుట్టూ బతికి ఉన్న భాగాలు కొంత పనిని అందుకోగలవు. అమెరికా శాస్త్రవేత్త రాండాల్ఫ్ న్యూడో బృందం 1996లో స్క్విరల్ కోతుల మీద చేసిన ప్రయోగాలు దీన్ని స్పష్టంగా చూపించాయి. మెదడు దెబ్బతిన్న తర్వాత సాధన లేకుండా వదిలేసిన కోతుల్లో చేతిని నడిపే మెదడు ప్రాంతం ఇంకా కుంచించుకుపోయింది. చిన్న గుంటల్లోంచి తిండి పలుకులు తీసుకునేలా సాధన చేయించిన కోతుల్లో మాత్రం ఆ ప్రాంతం నిలబడింది.

మనుషుల్లోనూ ఇలాంటి నష్టమే ఉంటుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టాబ్ గుర్తించాడు. పడిపోయిన చేత్తో మొదట్లో ఏ పనీ కాదు కాబట్టి రోగి మంచి చేతికే అలవాటు పడతాడు. తర్వాత చేతిలో కొంత కదలిక వచ్చినా దాన్ని వాడడు. దీనికి విరుగుడుగా టాబ్ మంచి చేతికి తొడుగు వేసి, బలహీనమైన చేత్తోనే పనులు చేయించే పద్ధతిని రూపొందించాడు. స్టీవెన్ వుల్ఫ్ నాయకత్వంలో 222 మంది మీద జరిగిన ఎక్సైట్ పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. జబ్బు వచ్చి 3 నుంచి 9 నెలలైనవారికి 2 వారాల పాటు ఈ సాధన చేయిస్తే చేతి పని మెరుగైంది, ఆ మేలు ఏడాది తర్వాత కూడా కనిపించింది. మణికట్టునూ వేళ్లనూ సొంతంగా కొద్దిగానైనా ఎత్తగలిగినవారికే ఇది పనికొస్తుంది. చెయ్యి పూర్తిగా చచ్చుబడి ఉన్నవారికి తొడుగు వేస్తే మిగిలేది నిస్సహాయతే.

ఎప్పుడు మొదలుపెట్టాలి, ఎంత చేయాలి

త్వరగా లేపితే త్వరగా కోలుకుంటారన్న నమ్మకాన్ని అవర్ట్ పరీక్ష సవరించింది. 5 దేశాల్లోని 56 ఆసుపత్రుల్లో 2,104 మంది మీద జరిగిన ఈ అధ్యయనం 2015లో వెలువడింది. మొదటి 24 గంటల్లోపే మొదలుపెట్టి పదేపదే, ఎక్కువసేపు మంచం దింపినవారిలో 3 నెలల తర్వాత మంచి ఫలితం పొందింది 46 శాతం. మామూలు సంరక్షణలో ఉన్నవారిలో అది 50 శాతం. అంటే మొదటి రోజు తొందరపాటు మంచిది కాదు. అలాగని వారాల తరబడి మంచానికే వదిలేయమనీ కాదు. మామూలు సంరక్షణ పొందినవారిని కూడా చాలావరకు మొదటి ఒకటి రెండు రోజుల్లోనే లేపారు. రోగి నిలకడగా ఉన్నాడని డాక్టరు చెప్పాక, కొద్దికొద్దిసేపు, రోజుకు కొన్నిసార్లు లేపడం సరైన దారి.

ఆ తర్వాత అసలు చిక్కు తక్కువ సాధనతోనే వస్తుంది. అమెరికాకు చెందిన కేథరిన్ లాంగ్ బృందం 2009లో థెరపీ గంటల్లో ఏం జరుగుతోందో లెక్కపెట్టి చూసింది. చేతికి సంబంధించిన అసలు పనుల్ని ఒక విడతలో సగటున 32 సార్లు మాత్రమే చేయించారు. జంతువుల ప్రయోగాల్లో మెదడు మారడానికి రోజుకు వందలసార్లు చేయించాల్సి వచ్చింది. ఈ తేడాను పూడ్చాల్సింది ఇంటి దగ్గరే.

ఇంట్లో చేసే వ్యాయామం

మన ఇళ్లలో వ్యాయామమంటే ఎక్కువగా ఒకరు వచ్చి రోగి కాలూ చెయ్యీ కదిలించి, నూనెతో మర్దన చేసి వెళ్లడం. కీళ్లు పట్టేయకుండా ఉండటానికి కదిలించడం అవసరమే. కానీ ఎదుటివాళ్లు కదిలిస్తే మెదడుకు నేర్చుకునే పని పెద్దగా పడదు. రోగి తానే ప్రయత్నించాలి, అదీ నిజమైన పనిలో ప్రయత్నించాలి. కుర్చీలోంచి లేచి నిలబడి కూర్చోవడం, బల్ల మీది గ్లాసును అందుకుని పెట్టడం, బరువును బలహీనమైన కాలి మీదకు మార్చడం, గోడ పట్టుకుని పక్కకు నడవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడం లాంటివి ఈ కోవలోకి వస్తాయి. ఒక పని సులువైతే కుర్చీ ఎత్తు తగ్గించడమో, గ్లాసును దూరం జరపడమో చేసి కష్టాన్ని పెంచాలి.

దీనికి ఖరీదైన యంత్రాలు తప్పనిసరి కాదు. 408 మందితో పమేలా డంకన్ బృందం చేసిన లీప్స్ పరీక్షలో ఒక వర్గానికి శరీర బరువును పైనుంచి మోసే ట్రెడ్‌మిల్ మీద నడక నేర్పారు. మరో వర్గానికి ఫిజియోథెరపిస్టు ఇంటికే వచ్చి బలం, తూకం పెంచే వ్యాయామాలు చేయించారు. 2011లో ప్రకటించిన ఫలితాల్లో ఏడాది తర్వాత రెండు వర్గాలూ దాదాపు సమానంగా మెరుగయ్యాయి.

నిలకడగా నడవగలిగినవారు డాక్టరు అనుమతితో వారంలో 3 నుంచి 5 రోజులు, 20 నిమిషాల నుంచి గంట వరకు ఆయాసం మరీ పెరగని వేగంతో నడవాలనీ, వారానికి 2 లేదా 3 రోజులు కండరాల బలానికి వ్యాయామం చేయాలనీ అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో సూచించింది. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, విపరీతమైన ఆయాసం వస్తే వెంటనే ఆపాలి.

భుజం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పడిపోయిన చేతి వైపు కండరాలు వదులై భుజం కీలు కిందికి జారుతుంది. మంచం మీంచి లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి లాగితే నెలల తరబడి నొప్పి పట్టుకుంటుంది, ఆ నొప్పితో సాధన మొత్తం ఆగిపోతుంది. చంకలో చెయ్యి వేసి ఎత్తడం కూడా తప్పే. నడుము దగ్గర పట్టుకుని, రోగిని ముందుకు వంగమని చెప్పి లేపాలి. పడుకున్నప్పుడు, కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండు ఉండాలి.

ఇంటివాళ్లకు ఏం తెలియాలి

పక్షవాతంలో కంటికి కనిపించని లోపాలే ఇంట్లో ఎక్కువ అపార్థాలు తెస్తాయి. మెదడు కుడి భాగం దెబ్బతిన్న రోగి కంచంలో ఎడమ వైపు అన్నం వదిలేయవచ్చు, ఎడమ పక్క నిలబడ్డవారిని పట్టించుకోకపోవచ్చు. అది మొండితనం కాదు, ఆ వైపు ఉన్నదన్న స్పృహే మెదడుకు లేదు. మాట పోయినవారికి తెలివి పోయిందనుకోవడం మరో పెద్ద పొరపాటు. చిన్న మాటల్లో అడిగి, జవాబుకు సమయమిచ్చి, సైగలూ బొమ్మలూ వాడితే చాలామంది తమకు కావలసింది చెప్పగలరు. సుమారు మూడో వంతు రోగుల్లో కుంగుబాటు వస్తుంది. వ్యాయామం చేయనంటున్న మనిషిని బద్ధకస్తుడని తిట్టే ముందు ఈ సంగతి డాక్టరుకు చెప్పాలి, దీనికి మందులున్నాయి. మింగడంలో ఇబ్బంది ఉన్నవారికి పడుకోబెట్టి నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా రావచ్చు. మింగడాన్ని పరీక్షించాకే నోటితో ఏదైనా ఇవ్వాలి.

శిక్షణ ఎంతవరకు పనిచేస్తుందన్న ప్రశ్నకు జవాబు సూటిగా లేదు. ఇంగ్లండ్‌లో లలిత్ కాల్రా బృందం 2004లో 300 మంది రోగుల మీద ప్రచురించిన అధ్యయనంలో, సంరక్షకులకు శిక్షణ ఇస్తే వారి మీద భారం, చికిత్స ఖర్చు రెండూ తగ్గాయి. అదే శిక్షణను బ్రిటన్‌లో 36 కేంద్రాలకు విస్తరించి 928 రోగి-సంరక్షక జంటల మీద పరీక్షిస్తే 2013లో వచ్చిన ఫలితాల్లో తేడా కనిపించలేదు. మనకు మరింత దగ్గరిది అటెండ్ పరీక్ష. భారతదేశంలోని 14 ఆసుపత్రుల్లో 1,250 మంది రోగులను కుటుంబసభ్యులు చేయించే పునరావాసానికో మామూలు సంరక్షణకో కేటాయించి చూశారు. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం, ఇంటివాళ్లు నేర్చుకుని వ్యాయామం చేయించినా 6 నెలలకు మరణించినవారు, ఇతరుల మీద ఆధారపడ్డవారు కలిపి రెండు వర్గాల్లోనూ 47 శాతమే.

దీన్నిబట్టి ఇంటివాళ్లకు నేర్పడం దండగ అనడం పొరపాటు. థెరపిస్టులు చాలని దేశంలో ఆ పనిని కుటుంబం నెత్తిన పెట్టి చేతులు దులుపుకోవడం కుదరదని మాత్రం ఈ ఫలితం గట్టిగా చెబుతోంది. నిపుణుడు చూసి, చేయించి, తప్పులు దిద్దాలి. ఇల్లు ఆ సాధనను కొనసాగించాలి. డిశ్చార్జి రోజు హడావుడిలో కాగితం చేతిలో పెట్టడం కన్నా, ఆసుపత్రిలో ఉండగానే సంరక్షకుల చేత చేయించి చూడటం, ఇంటికెళ్లాక మళ్లీ మళ్లీ అడిగి సందేహాలు తీర్చడం మేలు. కేవలం కరపత్రాలిచ్చి వదిలేసే పద్ధతి కన్నా ఇలా రోగినీ కుటుంబాన్నీ పాల్గొనేలా చేసే పద్ధతే ఎక్కువ ఉపయోగపడుతుందని, వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సమీక్షలు కూడా తేల్చాయి.

పావురం రక్తంతో మర్దన, పసరు మందుల కోసం ఊళ్లు తిరగడం తెలుగు ప్రాంతాల్లో ఇంకా ఉన్నాయి. వాటి వల్ల పడే అసలు నష్టం సమయం. సహజంగా కోలుకునే వేగం మొదటి 3 నెలల్లో ఎక్కువ, ఆ రోజులు సాధన లేకుండా గడిచిపోతాయి. ఆ తర్వాత కూడా మెరుగుదల ఆగిపోదు గానీ నెమ్మదిస్తుంది.

పక్షవాతం మళ్లీ రావచ్చు కాబట్టి బీపీ గురించి చెప్పడం కూడా శిక్షణలో భాగమే. 32 దేశాల్లో జరిగిన ఇంటర్‌స్ట్రోక్ అధ్యయనం పక్షవాతానికి కారణమయ్యేవాటిలో అధిక రక్తపోటును మొదటి స్థానంలో నిలిపింది. నడక వచ్చిందని బీపీ, రక్తం పలచన చేసే మాత్రలు సొంతంగా మానేయకూడదు. రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఊరగాయ, అప్పడం, వడియం లేకుండా అన్నం ముగించని ఇళ్లలో ఈ లెక్క ముందుగా మాట్లాడుకోవాలి. మూతి ఒక పక్కకు వంగినా, ఒక చెయ్యి జారిపోయినా, మాట ముద్దగా వచ్చినా ఆ సమయం గుర్తుపెట్టుకుని వెంటనే 108కి ఫోన్ చేసి, సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడానికి సాధారణంగా ఉండే గడువు నాలుగున్నర గంటలే.