మిద్దె మీది ఆంటెన్నా ఏ దిక్కు చూసింది?

హోసూరులో మా పాత ఇంటి మిద్దె మీద ఒక ఇనుప పైపు ఇప్పటికీ నిలబడి ఉంది. దాని కొనకు ఒకప్పుడు అల్యూమినియం కడ్డీల ఆంటెన్నా ఉండేది. దాని ముఖం వాయవ్య దిక్కుకు, అంటే బెంగుళూరు వైపుకు ఉండేది. ఆషాఢం గాలికి అది తిరిగిపోయేది. నాయన మిద్దె ఎక్కి పైపు పట్టుకుంటే, అక్క మెట్ల మీద నిలబడేది, అవ్వ లోపల టీవీ ముందు కూర్చునేది. "వచ్చిందా?" అని పైనుంచి అడిగితే "బొమ్మ వచ్చింది, మాట రాలేదు" అని లోపల్నుంచి జవాబు. అది అక్క నోట పైకి చేరేలోపు బొమ్మ కూడా పోయేది.

ఇంత కష్టపడి తిప్పుకున్న ఆంటెన్నాలో మాకు వచ్చింది కన్నడం. తరవాత హిందీ. తెలుగు మాత్రం ఎంత తిప్పినా రాలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు, సంతలో సగం తెలుగు ఉన్న ఊళ్ళో టీవీ మాత్రం ఏళ్ళ తరబడి తెలుగు మాట్లాడలేదు. ఎందుకు మాట్లాడలేదో, ఆ తరవాత ఎలా మాట్లాడిందో, మళ్ళీ ఎట్లా గొంతు తగ్గించుకుందో మా పిల్లలకు తెలియాలని ఇది రాసిపెడుతున్నాము.

ముందు నేల సంగతి. ఇప్పుడు హోసూరు, కృష్ణగిరి ఒకే జిల్లా. 2004 ఫిబ్రవరిలో ధర్మపురి నుంచి విడదీసి కృష్ణగిరి జిల్లా చేసినారు. కానీ పాతకాలపు రెవెన్యూ లెక్కల్లో ఇవి రెండు వేరు వేరు సీమలు. హోసూరు వైపు బాలాఘాటు, అంటే ఘాటు పైది. కృష్ణగిరి వైపు బారామహల్, కింది సీమ. బారామహల్ 1792లో టిప్పు చేతినుంచి కుంపిణీకి పోయింది. హోసూరు టిప్పు చనిపోయిన 1799 దాకా ఆగింది. ఈ ఎత్తుపల్లాల లెక్క తాసీల్దార్లకే కాదు, టీవీకి కూడా పనికొచ్చింది. హోసూరు దాదాపు 900 మీటర్ల ఎత్తున, బెంగుళూరు ఉన్న పీఠభూమి మీదే ఉంది. దూరం 40 కిలోమీటర్లే. సూళగిరి దాటి కృష్ణగిరి వైపు దిగితే నేల కిందికి జారుతుంది, కొండలు అడ్డం వస్తాయి.

టీవీ తరంగాలు చూపు లాంటివి. ఎదురుగా అడ్డం లేకుంటేనే అందుతాయి. రేడియో అట్లా కాదు. మీడియం వేవ్ రాత్రిపూట ఆకాశంలో పైపొరలను తగిలి కిందికి వంగి చాలా దూరం పోతుంది. అందుకే మా తాత చీకటి పడ్డాక కడప ఆకాశవాణిని పట్టుకోగలిగేవాడు. గరగరల మధ్యనే అయినా తెలుగే. మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర విడిపోయిన 1953లోనూ, భాషల ప్రకారం రాష్ట్రాలను సవరించిన 1956లోనూ హోసూరు తాలూకా సేలం జిల్లాలోనే, మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. రేడియోకు ఆ గీత పట్టలేదు. టీవీకి మాత్రం గీతా పట్టింది, గట్టూ పట్టింది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. తెలుగు టీవీ పుట్టింది టవర్ మీద కాదు, ఆకాశంలో. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహంతో 'సైట్' అనే ప్రయోగం నడిచింది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 పల్లెల్లో నేరుగా డిష్షులు పెట్టి టీవీ చూపించినారు. ఆ పల్లెల్లో ఆంధ్రప్రదేశ్‌వి కూడా ఉన్నాయి. అక్కడ తెలుగులో కార్యక్రమాలు వచ్చినాయి. హైదరాబాదులో దూరదర్శన్ మొదలైంది దాని తరవాత, 1977లో. అంటే రాజధాని కంటే ముందు పల్లె చూసిందన్నమాట. మా సరిహద్దు పల్లెలకు ఆ భాగ్యం లేదు.

మాకు అందింది 1981 నవంబరు 1న, కన్నడ రాజ్యోత్సవం నాడు మొదలైన బెంగుళూరు కేంద్రం. అప్పటికి మా ఇంట్లో టీవీ లేదు. 80ల మధ్యలో నాయన ఒక నలుపు తెలుపు డయనోరా తెచ్చినాడు. దానికి పక్కలకు జరిగే చెక్క తలుపులుండేవి, అవి మూసి బీగం వేసేవాళ్ళు. కన్నడం మాకు కొత్త కాదు. హోసూరులో పుట్టినవాడికి మూడు భాషలు అంగట్లోనే వచ్చేస్తాయి. కన్నడ నాటకాలు చూసినాము, సినిమాలు చూసినాము, ఇష్టంగానే చూసినాము. అవ్వ మాత్రం అప్పుడప్పుడు "మనోళ్ళది ఎప్పుడేస్తారప్పా?" అని అడిగేది. రేపేస్తారని చెప్పేవాళ్ళం.

ఘాటు కింద మా చిన్నాయన వాళ్ళ కథ వేరు. అక్కడికి బెంగుళూరు బొమ్మ సరిగ్గా దిగేది కాదు, మద్రాసు మరీ దూరం. అట్లాంటి చోట్లకు తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లే దిక్కు. వీటి పుట్టుక బాగుంటుంది. 1983 ఆగస్టులో ఇన్సాట్-1బి ఉపగ్రహాన్ని పంపినారు. మరుసటి ఏడు ప్రభుత్వం దేశమంతా ట్రాన్స్‌మిటర్లు పెట్టే పనికి దిగింది. 1984లో కొన్ని నెలల పాటు సగటున రోజుకొకటి చొప్పున మొదలుపెట్టినారు. చాలావాటి శక్తి 100 వాట్లు. ఇంట్లో వెలిగే పాతకాలపు గుండు బల్బు ఎంతో అంతే! చుట్టూ పది పదిహేను కిలోమీటర్లకు బొమ్మ అందేది. ఒక గది, ఒక పెద్ద డిష్షు, ఒక టవరు, ఒకరిద్దరు ఇంజనీర్లు. స్టూడియో లేదు, కెమెరా లేదు. ఆకాశం నుంచి ఢిల్లీ చెప్పింది వినడం, ఊరికి తిరిగి చెప్పడం, అంతే పని.

మా బంధువుల్లో అమెరికాలో ఉన్నవాళ్ళు ఇది చదివితే తికమక పడొచ్చు. వాళ్ళ దేశంలో కూడా 1982 నుంచి తక్కువ శక్తి టీవీ స్టేషన్లు ఉన్నాయి. కానీ అక్కడ వాటిని చిన్న ఊళ్ళవాళ్ళు, చర్చిలవాళ్ళు, స్పానిష్ మాట్లాడేవాళ్ళు, ఇంకా రకరకాల భాషలవాళ్ళు సొంత కార్యక్రమాలకు వాడుకున్నారు. డిజిటల్‌కు మారేటప్పుడు పెద్ద స్టేషన్లకు 2009 జూన్ గడువైతే, ఈ చిన్నవాటికి 2021 జులై దాకా సమయమిచ్చినారు. మా దగ్గర చిన్న ట్రాన్స్‌మిటర్‌కు చిన్న గొంతు కూడా లేదు. కృష్ణగిరి సంత గురించి, వేపనపల్లి మామిడికాయ ధర గురించి, బేరికె జాతర గురించి అది ఒక్క ముక్క చెప్పింది లేదు. అప్పట్లో మాకెవరికీ అది లోపమని తోచలేదు. ఆకాశం నుంచి బొమ్మ దిగడమే పెద్ద వింత.

ఆదివారం మధ్యాహ్నం ఢిల్లీ ఒక ప్రాంతీయ భాషా సినిమా వేసేది, కింద ఇంగ్లీషు అక్షరాలతో. భాషలన్నిటికీ వంతులు. తెలుగు వంతు ఎప్పుడొస్తుందా అని పేపర్లో వెతుక్కునేవాళ్ళం. తీరా వస్తే అది బహుమతి పొందిన సినిమా అయ్యుండేది. నెమ్మదిగా నడిచేది, పాటలుండవు, ఫైట్లుండవు. ఎన్టీ రామారావు కోసం వచ్చి కూర్చున్న పక్కింటివాళ్ళు అర్ధగంటలో లేచిపోయేవాళ్ళు. అవ్వ మాత్రం చివరిదాకా చూసేది. కథ కోసం కాదు, మాట కోసం. 1987లో రామాయణం మొదలైనాక ఆమెకు భాష బాధ తీరిపోయింది. తరవాత ఎవరేమంటారో ఆమెకు ముందే తెలుసు కదా. హిందీలో సీత మాట్లాడుతుంటే అవ్వ తెలుగులో ముందే అందించేది. వీధిలో తమిళం వాళ్ళు, ఉర్దూ వాళ్ళు కూడా మా ఇంటి నడవలో కూర్చుని అవ్వ వ్యాఖ్యానంతోనే చూసినారు.

తెలుగు మా ఇంటికి వచ్చింది కేబుల్ తీగ మీద. 1990ల మొదట్లో దూరదర్శన్ భాషకొక ఉపగ్రహ ఛానల్ మొదలుపెట్టింది. 1995లో జెమిని, ఈటీవీ వచ్చినాయి. మా వీధికి కేబుల్ ఇచ్చే అన్న మిద్దె మీద పెద్ద జాలీ డిష్షు పెట్టినాడు. అప్పటి కేబుల్ ఎట్లా పనిచేసేదో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. అందరి తీగలోనూ అన్ని ఛానళ్ళూ పారేవి. ఏది వెయ్యాలో కేబులు అన్న తేల్చేవాడు. వీధిలో తెలుగువాళ్ళు ఎక్కువుంటే తెలుగు ఛానళ్ళు వేసేవాడు, ఒకటి పోతే సాయంత్రానికి పదిమంది ఆయన ఇంటిముందు నిలబడేవాళ్ళు. ఒకసారి వేసినాడంటే ఊరందరికీ వచ్చేది. తమిళం మాట్లాడే పక్కింటి అక్క ఈటీవీ సీరియల్ చూసి తెలుగు నేర్చుకుంది. మేము సన్ టీవీ చూసినాము. ఎవరూ తమ భాషకు వేరే డబ్బు కట్టలేదు.

ఇంకొక లాభం జరిగింది. మాలో చిన్నవాళ్ళు తమిళ మీడియంలో, ఇంగ్లీషు మీడియంలో చదివినారు. తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. 2006లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చినాక బళ్ళో తెలుగు చదువుకునే దారి ఇంకా సన్నబడింది. ఆ రోజుల్లో సినిమా పేర్లు, వార్తల కింద పరిగెత్తే అక్షరాలు చూసి చూసి మా తమ్ముడు చదవడం పట్టుకున్నాడు. వాడు ముందు చదివిన తెలుగు మాట "సశేషం". దాని అర్థం చాలా రోజులు ఆ సీరియల్ తీసినాయన పేరనుకున్నాడు.

తరవాత డిజిటల్ వచ్చింది. కేబుల్‌ను డిజిటల్ చెయ్యడం 2012లో మహానగరాల్లో మొదలై, నాలుగు విడతలుగా చిన్న ఊళ్ళకు, పల్లెలకు 2017 దాకా సాగింది. ఇంటింటికీ సెట్‌టాప్ బాక్సు. బొమ్మ అద్దంలా ఉంది, గరగర లేదు. మంచిదే. 2019 ఫిబ్రవరి 1 నుంచి ట్రాయ్ కొత్త ధరల విధానం అమల్లోకి వచ్చింది. ఏ ఛానల్ కావాలో ఎవరికి వారే ఎంచుకోవాలి, డబ్బు ఛానళ్ళకు దేని ధర దానికే. వినడానికి న్యాయంగానే ఉంది. ఇంటివాళ్ళకే అధికారం వచ్చినట్టు.

మా ఇంట్లో జరిగింది వేరు. కేబుల్ ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. మాకిచ్చిన ప్యాకులో తమిళం ఉంది, హిందీ ఉంది, ఇంగ్లీషు ఉంది. తెలుగు డబ్బు ఛానళ్ళు లేవు. అడిగితే "అది పక్క రాష్ట్రం భాష, వేరే ప్యాక్ వేసుకోవాల" అన్నారు. నూటికి తక్కువ రూపాయలే, కట్టలేనిది కాదు. కట్టినాము. కానీ వీధిలో అందరూ కట్టలేదు. సగం ఇళ్ళలో పిల్లలు "మేము చూడం, ఎందుకు దండగ" అన్నారు. అడిగి తెప్పించుకోవాల్సిన పెద్దవాళ్ళు కొడుకును అడగడానికి మొహమాటపడినారు. తమిళం అక్కకు ఈటీవీ పోయింది. మునుపు ఒక ఛానల్ పోతే పదిమంది కలిసి అడిగేవాళ్ళు. ఇప్పుడు ఎవరింట్లో పోయింది వాళ్ళింట్లోనే పోయింది, పక్కింటికి తెలియలేదు. డిజిటల్ చెడ్డదని మేము అనము. భాషను ఊరుమ్మడి సొత్తు నుంచి ఇంటి ఖర్చుల పట్టీలోకి మార్చిందని మాత్రం అంటాము.

ఈలోపు ఆ చిన్న ట్రాన్స్‌మిటర్లు ఏమైనాయి? టవర్ల మీదినుంచే డిజిటల్ బొమ్మ పంపే పద్ధతిని దూరదర్శన్ 2016లో చెన్నై, బెంగుళూరు సహా 16 నగరాల్లో పెట్టింది. మొబైల్లో, ప్రత్యేకమైన టీవీల్లో చూడొచ్చన్నారు. మాకు తెలిసి అట్లా చూసినవాళ్ళు లేరు. చిన్న ఊళ్ళకు అది రానే లేదు. పాత అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను, సరిహద్దుల్లాంటి ముఖ్యమైన చోట్ల ఉన్న సుమారు 50 తప్ప, 2022 మార్చి 31 లోపల మూసేస్తామని ప్రసార భారతి ప్రకటించింది. వాటి తరంగాల జాగా కొత్త పనులకు ఖాళీ అవుతుందని, ఖర్చు మిగులుతుందని చెప్పినారు. 1984లో రోజుకొకటి తెరిచినప్పుడు ఊరూరా పండగ చేసుకున్నారు. మూసినప్పుడు మేము గమనించనే లేదు. కృష్ణగిరిలో చిన్నాయన కొడుకును ఫోన్లో అడిగితే "అదింకా ఉండిందా?" అన్నాడు.

పోయిన సంక్రాంతికి బాగలూరు దాటి మా పిన్నమ్మ ఊరికి పోయినాము. ఆమె ఒంటరిగా ఉంటుంది. మిద్దె మీద చిన్న డిష్షు కనిపించింది. దూరదర్శన్ వాళ్ళ ఉచిత డిష్షు, 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ అనే పేరుతో మొదలైనది, ఇప్పుడు ఫ్రీ డిష్. ఒకసారి డిష్షు, బాక్సు కొనుక్కుంటే చాలు, నెలనెలా కట్టేది లేదు. అందులో సప్తగిరి వస్తుంది, యాదగిరి వస్తుంది. పిన్నమ్మ అన్నం పెడుతూనే అందులో వ్యవసాయం కార్యక్రమం చూస్తా ఉంది. ఆమెకు సేద్యం లేదు, భూమి ఎప్పుడో అమ్మేసినారు.

"ఎవరు పెట్టించినారు పిన్నమ్మా?" అంటే "నేనే. సంతకు పోయి తెచ్చుకుంటిని. ఆ పిల్లోడు వచ్చి బిగించిపోయె" అంది.

భోజనమైనాక మిద్దె ఎక్కి చూసినాము. డిష్షు ఆగ్నేయం చూస్తా ఉంది. మా పాత ఆంటెన్నా చూసిన దిక్కుకు సరిగ్గా వెనక వైపు.