పంప్‌కిన్ పైలో బందరు బట్ట

ఈ రోజు ఎపిసోడ్ తియ్యగా మొదలవుతుంది, మధ్యలో చేదెక్కుతుంది. చివరిదాకా నాతో ఉండండి.

చదువు కోసం అమెరికాలోని కనెక్టికట్ వెళ్లిన మొదటి ఏడాది నాకు బాగా గుర్తు. అక్టోబర్ చివరికల్లా చెట్లన్నీ ఎర్రగా, పసుపుపచ్చగా మారిపోయాయి. అక్కడ శరదృతువును 'ఫాల్' అంటారు, ఆకులు రాలే కాలం కాబట్టి. బయట చలి మొదలవగానే ఇళ్లలో ఓవెన్లు వెలుగుతాయి. షాపుల ముందు గుమ్మడికాయల గుట్టలు. సరే, మనమూ చేద్దామని రూమ్మేట్లం నలుగురం ఒక శనివారం పంప్‌కిన్ పైకి దిగాం. గుమ్మడికాయను ఓవెన్లో మెత్తగా కాల్చి, గుజ్జు తీసి, గుడ్లు, పాలు, చక్కెర, మసాలా కలిపి, మైదా, వెన్నతో చేసిన పొరలో పోసి మళ్లీ కాల్చాలి. పొర ఒక పక్క మాడింది. అయినా ఇల్లంతా నిండిన ఆ వాసన మాత్రం ఇప్పటికీ మర్చిపోలేను.

వీడియో కాల్లో అమ్మ చూసి నవ్వింది. "గుమ్మడికాయతో కేకేంటి నాన్నా, దప్పళం పెట్టుకోక!" అంది. తర్వాత అందులో ఏం వేశావని అడిగింది. దాల్చినచెక్క, లవంగం, శొంఠి, జాజికాయ అని చెప్పాను. "అన్నీ మన వంటింట్లోవే కదా" అంది.

నేనూ అదే అనుకున్నాను. తర్వాత చదువుతూ పోతే తెలిసిందేమిటంటే, అమ్మ మాట సగమే నిజం. ఆ మిగతా సగమే ఈ రోజు కథ.

ముందు గుమ్మడికాయ సంగతి. బూడిద గుమ్మడి ఆసియాది. కానీ మనం దప్పళంలో వేసే తియ్య గుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండాలు. యూరప్ వాళ్లు అక్కడ అడుగు పెట్టడానికి వేల ఏళ్ల ముందు నుంచే అక్కడి మూలవాసులు దాన్ని పండించేవారు. శరత్కాలంలో కోతకొచ్చి, చలికాలమంతా పాడవకుండా నిలవ ఉండే పంట. అందుకే వలస వచ్చినవాళ్లకు ప్రాణాధారమైంది.

1796లో కనెక్టికట్‌లోని హార్ట్‌ఫర్డ్‌లో ఒక చిన్న వంటల పుస్తకం అచ్చయింది. పేరు 'అమెరికన్ కుకరీ', రాసినావిడ అమీలియా సిమన్స్. అమెరికా మనిషి రాసి, అమెరికాలోనే అచ్చయిన మొదటి వంటల పుస్తకంగా దీన్ని చెబుతారు. అందులో గుమ్మడి పుడ్డింగ్ ఉంది. ఈనాటి పంప్‌కిన్ పైకి అదే దగ్గరి పూర్వరూపం. అందులో ఏమేం వేయమంది? జాపత్రి, జాజికాయ, అల్లం.

ఇక్కడ ఆగి ఆలోచించండి. గుమ్మడికాయ ఊళ్లోదే. మరి జాజికాయ అంత దూరం ఎలా వచ్చింది?

జాజికాయ, జాపత్రి రెండూ ఒకే పండులోవి. గింజ జాజికాయ, దాని చుట్టూ ఉండే ఎర్రటి వల జాపత్రి. వందల ఏళ్లపాటు ప్రపంచానికంతా జాజికాయ ఒక్క చోటు నుంచే వచ్చేది. ఈనాటి ఇండోనేషియాలోని బాండా దీవులు. సముద్రంలో చుక్కల్లాంటి చిన్న దీవులు. అక్కడివాళ్లు వ్యాపారంలో ఘటికులు. జావా, మలయా ఓడలవాళ్లకు జాజికాయ ఇచ్చి బియ్యం, బట్టలు తీసుకునేవారు. ఆ బట్టల్లో బాగా గిరాకీ ఉన్నవి మన దేశపు నూలు బట్టలు.

1602లో డచ్ ఈస్టిండియా కంపెనీ పుట్టింది. వాళ్లకో చిక్కు వచ్చి పడింది. ఆ దీవుల్లో యూరప్ సరుకులు ఎవరికీ అక్కర్లేదు. సుగంధ ద్రవ్యాలు కావాలంటే బట్ట తేవాలి. ఆ బట్ట ఎక్కడుంది? మన మచిలీపట్నంలో, అంటే బందరులో. అప్పుడది గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు. 1606 నాటికే డచ్చివాళ్లు అక్కడ కొట్లు పెట్టుకున్నారు. నిజాంపట్నంలోనూ పెట్టారు. కృష్ణా డెల్టా నేత, చిరివేరుతో వేసే ఎర్రరంగు దూరదేశాల్లో పేరుమోసినవి. 1612లో హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్ అధికారి ఈ కోరమాండల్ తీరాన్ని సుగంధ దీవులకు ఎడమ చెయ్యి అన్నాడు. ఈ బట్ట లేకపోతే అక్కడ వ్యాపారమే లేదని ఆయన ఉద్దేశం.

మా అమ్మమ్మ వాళ్లది బందరే. చిన్నప్పుడు సెలవులకు వెళితే వలందపాలెం అనే పేట మీదుగా ఎన్నిసార్లు తిరిగానో. వలందులు అంటే హాలెండు వాళ్లు, డచ్చివాళ్లే. వాళ్ల సమాధులు ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి. ఆ పేరు ఎందుకొచ్చిందని ఒక్కసారీ ఎవర్నీ అడగలేదు.

ఇది తెలిసినప్పుడు మొదట గర్వంగా అనిపించింది. అమెరికా పండగ వంటలో మా ఊరి బట్ట ఉందని అందరికీ చెప్పుకుందామనుకున్నాను. తర్వాతి పేజీలు చదివాక ఆ ఉత్సాహం చల్లారింది.

జాజికాయ తమకే అమ్మాలి, తాము చెప్పిన ధరకే అమ్మాలి అన్నారు డచ్చివాళ్లు. బాండా వాళ్లు ఒప్పుకోలేదు. 1621లో యాన్ పీటర్‌సూన్ కూన్ అనే గవర్నర్ జనరల్ పెద్ద సైన్యంతో దిగాడు. ఊళ్లు తగలబెట్టించాడు. దీవుల పెద్దల్ని నలభై మందికి పైగా కోట దగ్గర నరికించాడు. అప్పటికి బాండాలో దాదాపు 15,000 మంది ఉండేవారని అంచనా. చావగా, ఆకలితో పోగా, బానిసలుగా తరలించగా అక్కడ మిగిలింది వెయ్యి మంది దాకా. తోటల్ని 68 ముక్కలు చేసి కంపెనీ మనుషులకు పంచారు. పని చేయడానికి వేరే చోట్ల నుంచి బానిసల్ని తెచ్చారు. మన కోరమాండల్ తీరం నుంచి కూడా డచ్చివాళ్లు మనుషుల్ని కొని ఓడలెక్కించారు. బట్ట వెళ్లిన సముద్రంలోనే మనుషులూ వెళ్లారు.

ఇంకో మలుపు చూడండి. బాండాలో రన్ అనే చిన్న దీవి మీద ఇంగ్లీషువాళ్లకు హక్కు ఉండేది. 1667లో బ్రెడా సంధి జరిగింది. రన్ డచ్చివాళ్లకు మిగిలింది. అంతకు మూడేళ్ల ముందు ఇంగ్లీషువాళ్లు లాక్కున్న డచ్ ఊరు న్యూ ఆమ్‌స్టర్‌డామ్ ఇంగ్లీషువాళ్లకే మిగిలింది. అదే న్యూయార్క్. డచ్చివాళ్లు అక్కడ వదిలి వెళ్లిన మాటల్లో ఒకటి మీ అందరికీ తెలుసు, 'కుకీ'. అమీలియా పుస్తకంలో ఆ మాట కూడా ఉంది.

1934లో అమెరికాలో మెకార్మిక్ కంపెనీ ఈ మసాలాలన్నీ కలిపి ఒకే డబ్బాలో అమ్మడం మొదలుపెట్టింది. 2003లో స్టార్‌బక్స్ అదే రుచిని కాఫీలో కలిపింది. డబ్బా మీద మాత్రం గుమ్మడికాయ బొమ్మే ఉంటుంది. బాండా ఉండదు, బందరు ఉండదు. బయానా తీసుకుని మగ్గం మీద వంగిన నేతగాడూ ఉండడు.

అందుకని పై తినడం మానేయమంటానా? లేదు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉన్నా, ప్రతి దసరా సెలవుల్లో చిన్న ఓవెన్లో నేను చేస్తూనే ఉంటాను. పొర ఇప్పుడు మాడడం లేదు. ఒక్కటే మార్చుకున్నాను. రెడీమేడ్ పొడి కొనడం మానేసి, జాజికాయను గింజగా తెచ్చుకుని అప్పటికప్పుడు తురుముతాను. తురుముతున్నంతసేపూ ఆ దీవుల పేరు గుర్తొస్తుంది.

మొన్న అమ్మకి ఈ కథంతా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "వలందపాలెం అంటే ఇదా!" అంది.

మీ ఊళ్లోనూ ఇలాంటి పేరున్న పేట ఒకటి ఉండే ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్లని ఒకసారి అడిగి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.